అర్జెంటు పెయింటర్

మా బావ ఎక్కడికి వెళ్లినా మొదట అడిగే మాట ఒకటే. "బాత్రూం ఎటు?"

నమస్కారం, కుశల ప్రశ్న, వచ్చిన పని, ఇవన్నీ ఆ తర్వాతే. పెళ్లింటికి వెళ్లినా అంతే, పరామర్శకి వెళ్లినా అంతే. బ్యాంకు మేనేజరు గదిలోనూ అదే ప్రశ్న, బట్టల కొట్టులోనూ అదే ప్రశ్న. పోనీ చెవిలో చెప్పినట్టు అడుగుతాడా అంటే అదీ లేదు. ఆయన పని కొట్లకి బోర్డులు రాయడం. వీధి ఆ చివర్నుంచి కనబడేట్టు రాసేవాడు, వీధి ఆ చివరికి వినబడేట్టు అడిగేవాడు. పక్కనున్న మా అక్కయ్యా నేనూ ఆయనెవరో మాకు తెలియనట్టు గోడలకేసి చూస్తూ నిలబడేవాళ్లం. ఆ గోడల మీద కూడా ఆయన రాసిన బోర్డులే ఉండేవి.

అక్కయ్యని ఇమ్మని అడగడానికి ఆయన మా ఇంటికి మొదటిసారి వచ్చిన రోజు నాకు బాగా గుర్తు. మా నాన్న ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, ముఖం గంభీరంగా పెట్టుకుని ముందుగదిలో కూర్చున్నాడు. ఏమేం అడగాలో ఒక కాగితం మీద రాసి పెట్టుకున్నాడు కూడా. బావ లోపలికి వచ్చాడు. నాన్న "రా బాబూ, కూర్చో" అనేలోపే "బాత్రూం ఎటండీ?" అన్నాడు. నాన్న వేలు చూపించాడు. వెళ్లినవాడు అరగంట దాకా రాలేదు. నాన్న కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు, తీశాడు, మళ్లీ పెట్టుకున్నాడు. లోపల్నుంచి టింగు టింగుమని ఏదో చప్పుడు వస్తోంది.

చివరికి చేతులు తుడుచుకుంటూ వచ్చి కూర్చున్నాడు.

"మీ కుళాయికి వాషరు అరిగిపోయిందండీ. ప్రస్తుతానికి గుడ్డపీలిక చుట్టి బిగించాను. రేపొచ్చి కొత్త వాషరు వేస్తాను."

"రేపు కూడా వస్తావా?" అన్నాడు నాన్న.

"వస్తానండీ. మీరు సంబంధం వద్దంటే వాషరు వేసేసి వెళ్లిపోతాను."

ఆ కుళాయి రెండేళ్లుగా కారుతోంది. "ఇంతకుముందు వచ్చినవాళ్లంతా మన గోడగడియారాన్ని మెచ్చుకుని పోయారే. ఇతనొక్కడే పనికొచ్చే పని చేశాడు" అన్నాడు నాన్న ఆ సాయంత్రం అమ్మతో. జేబులో కాగితం బయటికి తీయకుండానే పెళ్లి కుదిరిపోయింది.

పెళ్లయ్యాక అక్కయ్యావాళ్లు ఉండే ఇంట్లోనే పక్కవాటాలో నేను అద్దెకి దిగాను. అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దే ఉద్యోగం నాది. సెలవురోజుల్లో బావ నిచ్చెనకి రెండో కొస మోసేవాణ్ణి. దాంతో ఆయన ప్రతాపాలు దగ్గరుండి చూసే భాగ్యం నాకు కలిగింది.

ఊళ్లో అందరూ ఆయన్ని అర్జెంటు పెయింటర్ అనేవాళ్లు. ఆ పేరు విని మోసపోయినవాళ్లు చాలామంది ఉన్నారు. ఒకసారి కొత్తగా చెప్పుల కొట్టు పెడుతున్నాయన రొప్పుతూ వచ్చాడు.

"ఎల్లుండి కొట్టు తెరుస్తున్నానండీ. మీరైతే అర్జెంటుగా రాస్తారని అందరూ చెప్పారు."

"అర్జెంటు మాట నిజమేనండీ" అన్నాడు బావ. "అది రాతకి సంబంధించింది కాదు."

"మరి?"

"మీ కొట్టులో బాత్రూం ఎటు?"

బోర్డు పదకొండో రోజుకి పూర్తయింది. కొట్టు మాత్రం బోర్డు లేకుండానే మూడోరోజున తెరుచుకుంది. అయినా చెప్పులాయన పల్లెత్తు మాట అనలేదు. అప్పటికి ఆయన బాత్రూం తలుపుకి కొత్త గడియ, లోపల కొత్త బల్బు, తువ్వాలు తగిలించుకోవడానికి ఒక కొక్కెం వచ్చి చేరాయి. పైగా బోర్డు మీద ప్రతి అక్షరమూ అప్పుడే పాలిష్ పట్టిన తోలులా మెరుస్తోంది. తిట్టాలనుకున్నవాడు కూడా ముందు రెండు నిమిషాలు చూసి తిట్టాలి. ఆ రెండు నిమిషాల్లో కోపం దిగిపోయేది.

పని ఒప్పుకునేముందు బావ చెప్పే షరతు ఒకటే. "రంగులు మీవి, నిచ్చెన నాది, బాత్రూం మనది."

"పని అయ్యేవరకేగా?" అని అడిగేవాళ్లు కాస్త తెలివైనవాళ్లు.

"బోర్డు ఉన్నంతకాలం" అనేవాడు.

వాళ్లు సరే అనేవాళ్లు. ఆయన వేసిన రంగు పదిహేనేళ్లు చెక్కుచెదరదన్న సంగతి వాళ్లకి తర్వాత తెలిసేది.

ఊరి పటం ఆయన బుర్రలో వేరే రకంగా ఉండేది. ఒకావిడ కోర్టుకి దారి అడిగింది. "ఇలా తిన్నగా వెళ్లండమ్మా. గడియ పడని బాత్రూం వస్తుంది, అది మందుల షాపు. అక్కడ ఎడమవైపు తిరిగితే నీళ్లు రాని బాత్రూం, అది రిజిస్ట్రారాఫీసు. దాని పక్కనే కోర్టు. కోర్టులో రెండున్నాయి, రెండోది బాగుంటుంది" అన్నాడు. ఆవిడ బిత్తరపోయి "నేను వాయిదాకి వెళ్తున్నానండీ" అంది. "వాయిదా అయితే తప్పకుండా రెండోదే" అన్నాడు బావ.

సినిమాకి వెళ్తే తలుపు పక్క సీటు. ఆయన చూసిన ప్రతి సినిమాకీ మధ్యలో ఒకటో రెండో కన్నాలు ఉండేవి. ఇంటికొచ్చాక అక్కయ్య కూర్చుని ఆ కన్నాలు పూడ్చేది. ఒక సినిమాలో హీరో చచ్చిపోయాడని బావ నెలరోజులు బాధపడ్డాడు. ఆ హీరో బతికొచ్చే చోట ఈయన హాల్లో లేడు.

ఈ అలవాటు సరదాకి వచ్చింది కాదు. ఇరవైరెండో ఏట మొదలైందట ఆయనకి. రోజుకి పది, పదిహేనుసార్లు వెళ్లాల్సి వచ్చేది. నెత్తురు పడేది. కడుపులో మెలిపెట్టే నొప్పి. నిచ్చెన మీదుండగా వస్తే దిగే వ్యవధి కూడా ఉండేది కాదు.

"ఒకసారి దిగలేకపోయాను బామ్మర్దీ" అన్నాడు నాతో, ఒకే ఒక్కసారి. "నడివీధిలో. ఆర్నెల్లు ఆ వీధి మొహం చూడలేదు. తర్వాత ఒకరోజు అదే వీధిలోకి వెళ్లి, అదే కొట్టు ముందు నిలబడి, గొంతెత్తి బాత్రూం ఎటని అడిగాను. అందరూ నవ్వారు. నవ్వితే ఏం పోయింది, దారి చూపించారుగా."

పెళ్లయిన మూడో ఏడు అక్కయ్య పట్టుబట్టి పేగుల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లింది. అప్పటిదాకా తిన్నదానివల్ల అని కొందరు, తిననిదానివల్ల అని కొందరు, ఆలోచనలు ఎక్కువై అని కొందరు చెబుతూ వచ్చారు. డాక్టరమ్మ గొట్టం వేసి చూసి, పేగు లోపలంతా వాచి పుళ్లు పడిందని చెప్పారు. అల్సరేటివ్ కొలైటిస్. బావ ఆ పేరు రెండుసార్లు చెప్పించుకుని కాగితం మీద రాయించుకున్నాడు. బయటికొచ్చాక ఆ కాగితాన్ని ఎండకి పెట్టి చూస్తూ, "ఇన్నేళ్లూ బోర్డు లేని కొట్టులా తిరిగాను బామ్మర్దీ. చూడు, ఎంత పొడుగు పేరో" అన్నాడు.

రెండోసారి వెళ్లినప్పుడు మాత్రం డాక్టరమ్మతో గొడవపడ్డాడు.

"బయట నలభైమంది ఉన్నారండీ. అందరూ నా బాపతే. బాత్రూం ఒక్కటా?"

"స్థలం లేదండీ" అన్నారావిడ.

"కళ్ల డాక్టరు మెట్ల మీద లైటు పెట్టనట్టుంది ఇది."

డాక్టరమ్మ నవ్వారు గానీ, రెండు నెలల్లో పాత సామాన్ల గది ఖాళీ చేయించి ఇంకో రెండు బాత్రూంలు కట్టించారు. వాటి తలుపుల మీద బావే రాశాడు. గుమ్మంలోంచి కాదు, మెట్ల కిందనుంచి చూసినా కనబడేంత పెద్దగా రాశాడు.

మందులు పడ్డాయి. పదిహేనుసార్లు నాలుగయ్యాయి, నాలుగు రెండయ్యాయి. మధ్యమధ్య తిరగబెట్టేది, మళ్లీ సర్దుకునేది. అడగడం మాత్రం మానలేదు.

"ఇప్పుడు అంత అవసరం లేదు కదా బావా?"

"అవసరం లేనప్పుడు తెలుసుకుంటేనే అవసరమైనప్పుడు పనికొస్తుంది."

అక్కయ్యకి మాత్రం తల కొట్టేసినట్టుండేది. "ఊళ్లో ప్రతి కొట్టువాడికీ మనింటి కడుపు సంగతి తెలిసిపోయింది. కూరగాయలకి వెళ్తే వాడు నన్నడుగుతాడు, పెయింటరుగారికి ఇవాళ ఎలా ఉందమ్మా అని" అని రోజూ సణిగేది. బావ వినేవాడు. మర్నాడు ఇంకో కొట్టులో అడిగేవాడు.

అలా పాతికేళ్లు గడిచాయి. ఆ రోజుల్లో మా వీధి చివరికెళ్లి నిలబడితే చాలు, రెండువైపులా బావ చేతిరాతే కనబడేది. ఎర్రటి అక్షరం కింద పసుపుపచ్చ నీడ, నీడ కింద సన్నటి నల్లగీత. సాయంత్రం ఎండ ఏటవాలుగా పడితే ఆ వీధంతా అప్పుడే అచ్చయిన పుస్తకంలా ఉండేది. ప్రూఫులు దిద్దీ దిద్దీ కళ్లు మంటెక్కి ఇంటికొస్తున్న నాకు అందులో ఒక్క తప్పు కూడా లేకపోవడం ఎంతో హాయిగా ఉండేది.

అలాంటి చేతిరాతలో మొదటి తప్పు బేకరీ బోర్డు మీద వచ్చింది. బేకరీ ఆయన ఇంటికొచ్చాడు.

"బ్రెడ్డు అన్న మాట అవతలి వీధిలోకి కనబడుతోందండీ. బిస్కెట్లు పర్లేదు. కేకులు మాత్రం కళ్లజోడు పెట్టుకుంటే గానీ కనబడట్లేదు. నేను అమ్మేదేమో కేకులే ఎక్కువ."

"చెక్క వంకరగా ఉందండీ" అన్నాడు బావ.

నేను వెళ్లి చూశాను. చెక్క తిన్నగానే ఉంది. కింద ఫోన్ నంబరులో మొదటి సున్నా అరచేయంత ఉంది, చివరి సున్నా చొక్కా గుండీ అంత ఉంది. అక్షరం వెంట్రుకవాసి తగ్గినా పట్టుకునే ఉద్యోగం కదా నాది, మనసొప్పలేదు. సెలవురోజున స్టీలు స్కేలు తీసుకుని ఊరంతా తిరిగాను. ఈ ఏడాది రాసినవి, నిరుడు రాసినవి, ముందేడు రాసినవి కొలిచాను. మూడేళ్లుగా అక్షరాలు కొద్దికొద్దిగా చిన్నవవుతున్నాయి. ప్రతి బోర్డులోనూ చివరికి వచ్చేసరికి ముడుచుకుపోతున్నాయి.

ఇంకొన్ని కూడా అప్పుడే గమనించాం. ఒకరోజు బావ టీ గ్లాసనుకుని టర్పెంటైను గ్లాసు ఎత్తాడు. నోటిదాకా వచ్చాక నేను లాక్కున్నాను.

"వాసన రాలేదా బావా?"

"టీకి కూడా ఈమధ్య వాసన ఉండట్లేదోయ్. మీ అక్కయ్య టీపొడి మార్చిందేమో అనుకుంటున్నాను."

నడుస్తున్నప్పుడు కుడిచేయి ఊగేది కాదు. ఏదైనా పట్టుకున్నాడేమో అని అక్కయ్య చూసేది, చేతిలో ఏమీ ఉండేది కాదు. అన్నిటికన్నా విచిత్రం, జన్మంతా పరుగెత్తినవాడికి మలబద్ధకం పట్టుకుంది. నాలుగురోజులకి ఒకసారి కూడా కష్టమైపోయింది. దీనికి మాత్రం బావ మురిసిపోయాడు. "ఇన్నాళ్లకి మనకీ సెలవులిచ్చారోయ్" అని వీధిలో అందరికీ చెప్పుకున్నాడు.

ఏడాదికోసారి జరిగే పరీక్షకి డాక్టరమ్మ దగ్గరికి వెళ్లినప్పుడు నేనూ వెళ్లాను. స్కేలుతో కొలిచిన అంకెల కాగితం జేబులో ఉంది. ఇవ్వాలా వద్దా అని లేచేదాకా తటపటాయించి చివరికి బల్ల మీద పెట్టాను. ఆవిడ నవ్వుతారనుకున్నాను. కాగితం చివరిదాకా చదివి, బావ చేతికి కలం ఇచ్చి, "మీ పేరు ఐదుసార్లు రాయండి" అన్నారు. ఐదోసారికి ఆయన పేరు చీమల బారులా అయింది. డాక్టరమ్మ ఫోన్ తీసి పై అంతస్తులో ఉన్న నరాల డాక్టరుతో మాట్లాడారు.

నరాల డాక్టరు మెతక మనిషి. చూపుడువేలూ బొటనవేలూ టకటకా తాకించమన్నారు, నడిపించారు, వెనక్కి తిప్పించారు, మోచేయి వంచి చూశారు. కూర్చోబెట్టి, పార్కిన్సన్స్ జబ్బులా ఉందని చెప్పారు.

"అది వణుకు జబ్బు కదండీ. నాకు వణుకేదీ?" అన్నాడు బావ.

"కొందరికి వణుకు తర్వాత వస్తుంది. ముందు ఇలా చేయి నెమ్మదించడం, రాత చిన్నదవడం, వాసన తెలియకపోవడం. మలబద్ధకం కూడా."

బావ ముఖం అప్పుడు పడిపోయింది. "ఆ సెలవులు కూడా ఇందులోవేనా?"

అక్కయ్య చీర కొంగు వేలికి చుట్టుకుంటూ అడిగింది. "ఈయనకి పేగుల జబ్బు మొదట్నుంచీ ఉందండీ. దానికీ దీనికీ ఏమైనా సంబంధం ఉందా?"

"ఉండొచ్చమ్మా. పేగుల్లో ఏళ్ల తరబడి వాపు ఉన్నవాళ్లలో ఇది మిగతావాళ్లకంటే కొంచెం ఎక్కువగా కనబడుతోంది. కొంచెమే. చాలామంది పేగుల రోగులకి ఇది ఎప్పటికీ రాదు. పేగుల నుంచి మెదడు దాకా ఒక పొడుగాటి నరం ఉంది. కింది వాపు ఆ దారిన పైకి పాకుతుందా, నెత్తురు ద్వారా వెళ్తుందా, లేక రెండు జబ్బులకీ పుట్టుకలోనే ఏదైనా కారణం ఉందా, గట్టిగా ఎవరికీ తెలీదు. ఇంకా వెతుకుతున్నారు."

బావ పైకప్పుకేసి చూశాడు. "అంటే కింది వాటాలో పొగకి పై వాటా గోడ నల్లబడిందేమోనని అనుమానం."

"అనుమానమే. రుజువు కాలేదు."

"ముప్ఫయ్యేళ్ల పొగండీ. పై వాటావాళ్లు ఇన్నాళ్లు ఓర్చుకున్నారంటే మంచివాళ్లే."

అక్కయ్య ఇంకా అడగాల్సింది ఒకటి ఉంది. "నా వంట వల్ల కాదు కదండీ?"

ముప్ఫయ్యేళ్లుగా ఆయనకి వేరే గిన్నెలో వేరే వంట చేసింది అక్కయ్య. ఏది పడుతుందో ఏది పడదో ఒక్కొక్కటే వండి, పెట్టి, భయంభయంగా చూసి నేర్చుకుంది. డాక్టరు ఆవిడకేసి తిరిగి కూర్చున్నారు. "కాదమ్మా. మీ వంట తినబట్టే ఇన్నేళ్లు పనిచేశారాయన." అక్కయ్య కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయింది. బావ ఆవిడ కొంగు చివర పట్టుకుని, "నేను ఎప్పుడైనా వంక పెట్టానా?" అన్నాడు. "రోజూ పెట్టారు" అంది అక్కయ్య.

మందులు రాసిచ్చి, నిచ్చెన మాత్రం ఎక్కొద్దన్నారు డాక్టరు. జబ్బు పేరుకి బెదరనివాడు ఆ మాటకి కుంగిపోయాడు. నిచ్చెనని పెరట్లో పడుకోబెట్టి మూడురోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. నాలుగోరోజు నా వాటాకి వచ్చాడు. ఏమీ అడక్కుండా వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. ఇన్నేళ్లలో మొదటిసారి. నాకు నిజంగా భయమేసింది.

"బావా, బాత్రూం ఇటు" అన్నాను.

"తెలుసు" అన్నాడు.

మందులు పనిచేయడం మొదలుపెట్టాక కొంచెం తేరుకున్నాడు. పెద్ద గీతలు గీసుకుని వాటి మధ్య రాస్తే అక్షరం ముడుచుకోకుండా నిలబడుతుందని నరాల డాక్టరు చెప్పారు. బావ పని నేర్చుకున్న కొత్తలో సుద్ద దారం లాగి గీతలు కొట్టుకునే రాసేవాడు. చేయి తిరిగాక మానేశాడు. ఇప్పుడు మళ్లీ ఆ దారం బయటికొచ్చింది. ఒక కొస ఆయన, ఒక కొస నేను. బోర్డులు బల్ల మీద పెట్టి కూర్చుని రాసేవాడు, నేను తీసుకెళ్లి తగిలించేవాణ్ణి. అక్కయ్య పక్కనే ముక్కాలిపీట వేసుకుని అక్షరం అక్షరానికీ "పెద్దగా" అని హెచ్చరించేది.

"ఇంతకన్నా పెద్దగా రాస్తే బోర్డు చాలదే."

"చాలకపోతే ఇంకో చెక్క తెప్పిస్తాను. పెద్దగా."

పక్కింటివాళ్లు మొగుడూ పెళ్లాలు పోట్లాడుకుంటున్నారనుకుని రెండుసార్లు సర్దిచెప్పడానికి వచ్చారు.

చేయి కొంత మాట విన్నాక గొంతు మొరాయించింది. ఆ జబ్బులో గొంతు సన్నబడిపోవడం కూడా ఒక భాగమట. వీధి చివరికి వినబడే గొంతు బల్ల అవతలికి వినబడటం మానేసింది. ఒకరోజు కుట్టుసామాను కొట్టులో బాత్రూం ఎటని అడిగాడు. కొట్టువాడు "బటన్లా? ఎన్ని కావాలండీ?" అన్నాడు. వద్దని చెప్పినా వాడికి వినబడలేదు. డజను బటన్లు పట్టుకుని ఇంటికొచ్చాడు. మేమిద్దరం నవ్వాం. బావ నవ్వలేదు. నిచ్చెన పోయినప్పుడు కూడా ఆయనలో నేను అంత దిగులు చూడలేదు. ఇంట్లోంచి ఎక్కువగా కదలనివాడికి ఇంకా ఆ ప్రశ్న మీద ఇంత బెంగ ఏమిటో మాకు అర్థం కాలేదు.

అర్థమయ్యేలా చెప్పింది ఒక బస్సు డ్రైవరు. ఆదివారం మధ్యాహ్నం యూనిఫాంలో ఒకావిడ తలుపు కొట్టింది. అక్కయ్య తీసింది.

"పెయింటరుగారున్నారా అండీ? నాకు రూటు మార్చారు. కొత్త దారిలో ఎవరెవరున్నారో కనుక్కుందామని వచ్చాను."

"ఎవరెవరంటే?" అంది అక్కయ్య.

ఆవిడ తడబడి లోపలున్న బావకేసి చూసింది. బావ తలూపాడు. "చెప్పమ్మా. మావాళ్లే."

ఆవిడ కూర్చుని చెప్పింది. ఎనిమిదేళ్ల కిందట అదే డాక్టరమ్మ దగ్గర ఆవిడకీ బావకున్న పేగుల జబ్బే అని తేలిందట. బస్సు నడిపే మనిషికి అలాంటి జబ్బు వస్తే ఏమవుతుందో ఎవరికి చెప్పుకుంటుంది? ఉద్యోగం మానేద్దామని కాగితం కూడా రాసుకుని వెళ్లి ఆసుపత్రి బెంచీ మీద కూర్చుందట. పక్కన బావ ఉన్నాడు. ఏ రూటమ్మా అని అడిగాడు. మర్నాడు ఆ బస్సెక్కి ఈ చివర్నుంచి ఆ చివరికి వెళ్లాడు.

"ఆయనతో పాటు ఒక్కొక్క స్టాపులో ఒక్కొక్క కొట్టుకి వెళ్లాం. ఆయన గుమ్మంలో నిలబడి గట్టిగా కేకేసి అడిగేవారు. కొట్టులో ఉన్నవాళ్లంతా ఆయన్ని చూసి నవ్వేవాళ్లు. నన్నెవరూ చూసేవాళ్లు కాదు. ఆ సందులో నేను లోపలికి వెళ్లి వచ్చేసేదాన్ని. నాలుగైదుసార్లు అలా అయ్యాక ఆ కొట్టువాళ్లకి నా ముఖం అలవాటైపోయింది. ఇప్పుడు నేను వెళ్తే తలూపుతారు, అంతే. ఎందుకని ఒక్కరూ అడగలేదు." కాస్త ఆగి అంది. "నేనొక్కదాన్నే కాదండీ. బడి టీచరు ఒకావిడ ఉంది, కోర్టు గుమాస్తా ఉన్నాడు. ఇరవైమంది దాకా ఉంటాం."

ఆవిడ వెళ్లిపోయాక అక్కయ్య బావ ఎదురుగా వచ్చి నిలబడింది.

"ఇన్నేళ్లూ పరువు తీస్తున్నారని మిమ్మల్ని తిట్టాను. ఒక్క మాట చెప్తే ఏం పోయింది?"

బావ ఏదో అన్నాడు. వినబడక ఇద్దరం ముందుకి వంగాం.

"వాళ్ల కడుపు సంగతి నేనెలా చెప్తానే? నాదైతే నేనే ఊరంతా చెప్పుకున్నాను, అది నా ఇష్టం. వాళ్లది వాళ్లది."

అక్కయ్య వంటింట్లోకి వెళ్లింది. ఆ రోజు ఆయన గిన్నెలో వండిందే మేం ముగ్గురం తిన్నాం. అన్నేళ్లు ఆయన ఆ రుచి ఎలా ఓర్చుకున్నాడో నాకు తెలియలేదు. పైకి మాత్రం బాగుందన్నాను.

ఆ మరుసటి వారం బావ నన్ను బయల్దేరమన్నాడు. ఊళ్లో కొత్తగా మూడంతస్తుల బట్టల దుకాణం తెరిచారు. ఫ్లెక్సీ బోర్డు పెట్టారు కాబట్టి దానితో బావకి ఏ ఒప్పందమూ లేదు. మాతోపాటు ఒక లెక్చరర్ వచ్చాడు. పేగుల జబ్బు బయటపడి నెల కాలేదట, ముఖం పాలిపోయి ఉంది. కాలేజీకి వెళ్లే దారిలో ఉన్న పెద్ద దుకాణం అదొక్కటే. మాకు పది అడుగుల వెనక, మాతో సంబంధం లేనట్టు నడుస్తున్నాడు.

లోపల కాలు పెట్టాక బావ నా చెవిలో అన్నాడు. "నువ్వే అడగాలి."

"నేనా?"

"నా గొంతుకి బటన్లిస్తున్నారు."

దాహమేసినా పక్కవాణ్ణి నీళ్లడగడానికి నాలుగుసార్లు గొంతు సవరించుకునే మనిషిని నేను. లెక్చరర్ కేసి చూశాను. అతను ఒక చొక్కాని నలిగిపోయేట్టు పట్టుకుని నిలబడ్డాడు. నేను కళ్లు మూసుకుని అడిగేశాను. ఎంత గట్టిగా అడగాలో తెలియక నాకున్న గొంతంతా పెట్టాను. బిల్లులు కొట్టే మిషన్లు ఆగిపోయాయి. మూడో అంతస్తు నుంచి ఎవరో రెయిలింగు మీదుగా తొంగిచూశారు. చీరలు చూపించే అమ్మాయి చేతిలో చీర అలాగే గాల్లో ఉండిపోయింది.

"కుడివైపు సార్, అద్దాల గదుల వెనక" అంది ఆ అమ్మాయి ఎంతో జాలిగా.

దుకాణంలో ఉన్నవాళ్లంతా నన్నే చూస్తున్నారు. నా వెనకనుంచి లెక్చరర్ కుడివైపుకి వెళ్లిపోవడం ఒక్కరూ చూడలేదు.

"వెళ్లండి సార్, పర్లేదు" అంది అమ్మాయి.

అతను బయటికి వస్తేగానీ నేను వెళ్లడానికి లేదు. "కాసేపాగి వెళ్తానమ్మా" అన్నాను. ఆ మాటకి ఆ అమ్మాయికి నామీద జాలి ఇంకా పెరిగిపోయింది. పరుగెత్తుకెళ్లి కుర్చీ తెచ్చి వేసింది.

"కూర్చోండి సార్. ఎన్నాళ్ల నుంచి సార్ ఈ ఇబ్బంది?"

పక్కనుంచి బావ ఆ సన్నటి గొంతునే కూడదీసుకుని, ఈసారి అందరికీ వినబడేట్టు, "ఇవాళే మొదలైందమ్మా" అన్నాడు.

నరాల జబ్బు వచ్చాక ఆయన ముఖం పెద్దగా కదిలేది కాదు. ఇప్పుడూ కదల్లేదు. భుజాలు మాత్రం ఆగకుండా ఊగుతున్నాయి. అది వణుకనుకుని ఆ అమ్మాయి ఆయనకి కూడా ఒక కుర్చీ తెచ్చింది.